జున్నుకు సంబంధాలు

బెంగళూరు అపార్టుమెంట్లలో ఆడకుక్కకు ఏడాది నిండితే చాలు, సంబంధాలు రావడం మొదలవుతాయి. మనం వెతకక్కర్లేదు, మగపెళ్ళివారే వస్తారు. పొద్దున నడకలో ఎదురుపడి ముందు జాతి అడుగుతారు, తర్వాత వయసు, ఆ తర్వాత గొంతు కాస్త తగ్గించి "పేపర్లున్నాయాండీ?" అంటారు. పేపర్లంటే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వారిచ్చే వంశావళి పత్రం. చెన్నై కేంద్రంగా పనిచేసే ఆ సంస్థ 1896 నాటిది. సొంత ముత్తాత పేరు అడిగితే తడుముకునే మనుషులం, కుక్క ముత్తాత పేరు మాత్రం ముద్ర వేయించి ఫైల్లో దాచుకుంటాం.

మా ఇంట్లో ఉన్నది షిట్జు. పేరు జున్ను, రంగూ అదే. ఆరు కిలోల లోపు బరువు. ముఖం మీద పడే బొచ్చును మా అమ్మాయి రబ్బరు బ్యాండుతో పిలక కడుతుంది. దానికి పేపర్లు లేవు. లేవని చెప్పినా వెనక్కి తగ్గని సంబంధం తొమ్మిదో అంతస్తుది. గుంటూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న పెద్దాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. "మావాడు బంగారమండీ, ఇంతవరకు ఎవర్నీ కరిచి ఎరగడు" అని గుణగణాలు చెప్పారు. ఫోటోలు చూపించారు, టీకాల పుస్తకం చూపించారు. తర్వాత ఇచ్చిపుచ్చుకోవడాల మాట ఎత్తారు. ఈ వ్యవహారాన్ని 'క్రాసింగ్' అంటారు. క్రాసింగ్‌కు మగకుక్కను ఇచ్చినవాళ్ళకి పుట్టినవాటిలో ఒక పిల్లనివ్వాలి, లేదా ఒక పిల్ల ఖరీదు ఇవ్వాలి. పిల్లనే తీసుకునేట్టయితే మొదట ఎంచుకునే హక్కు వాళ్ళదే. ఇక్కడా ఇచ్చుకోవలసింది ఆడపిల్లవాళ్ళే అన్నమాట. మనుషుల్ని దాటి కుక్కల దాకా వచ్చినా ఆ ఆచారం మారలేదు.

నేను నవ్వేసి ఊరుకునేదాన్నే. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు. మా అమ్మాయికి పిల్లలు కావాలి, ఒకటి కాదు, అన్నీ కావాలి. మావారు లెక్క వేశారు: నాలుగు పుడితే ఒకటి తొమ్మిదో అంతస్తుకు, ఒకటి మనకు, మిగతా రెండింటికి ఈ ఊళ్ళో ఇరవై ముప్పై వేలకు గిరాకీ ఉంది, దాని తిండి ఖర్చు అదే సంపాదించుకున్నట్టు. మా పనమ్మాయి కోలారు వైపు మనిషి, కన్నడం, తెలుగు కలిపి మాట్లాడుతుంది. "మరి హాకిద్రె నమగొందు కొడి అక్కా" అని అప్పుడే ఒకటి రిజర్వు చేసుకుంది. ముగ్గురు పిల్లలతో ఒకే గదిలో ఉంటుంది. ఇంటి ఓనరు రెండో సైకిల్ పెట్టుకోవడానికే ఒప్పుకోలేదని క్రితం నెలే చెప్పింది.

మా అత్తయ్య అందరికన్నా ఆఖర్న మాట్లాడింది. "పాపం, అదీ ఆడపుట్టుకే కదమ్మా. ఒక్క ఈతైనా ఈననీకుండా చేస్తారా?"

దీనికి జవాబు చెప్పడం కష్టం, ఎందుకంటే అది నిజంగా ప్రేమతో అన్న మాట. అయితే ఆడపిల్ల అనగానే మనం మనసులో రాసిపెట్టుకున్న వరస ఒకటి ఉంది. పెళ్ళి, కడుపు, కాన్పు. ఆ వరస ఎక్కడ తెగినా మనకు జాలి పుడుతుంది. పిల్లలు వద్దనుకుని హాయిగా ఉన్న మా పెదనాన్న కూతురి మీద కూడా మా చుట్టాలందరూ ఇదే జాలి ఖర్చుపెడతారు. ఇప్పుడా జాలి ఆరు కిలోల కుక్క మీదికి మళ్ళింది.

అత్తయ్య దగ్గర ఆధారం కూడా ఉంది. జున్ను ఎద ముగిసిన కొన్ని వారాలకు మా అమ్మాయి సాక్సులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. వెతికితే సోఫా కింద దొరికాయి. జున్ను వాటిని గుండ్రంగా పేర్చుకుని మధ్యలో పడుకుని ఉంది. చెయ్యి పెడితే గుర్రుమంది, ఎప్పుడూ అనని కుక్క. పొట్ట కింద చన్నులు ఉబ్బాయి, నొక్కితే పాలు కూడా వచ్చాయి. మగకుక్క నీడ కూడా పడలేదు దాని మీద. "చూశావా, దాని మనసెట్లా కొట్టుకుంటా ఉందో" అంది అత్తయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

డాక్టరమ్మ మాత్రం కళ్ళు తుడుచుకోలేదు. ఇది ఆడకుక్కల్లో మామూలేనని, అబద్ధపు చూలు అంటారని చెప్పింది. కుక్కల ఒంట్లో ఒక విచిత్రం ఉంది. ఎద తర్వాత కడుపు నిలిచినా, నిలవకపోయినా ప్రొజెస్టిరాన్ దాదాపు రెండు నెలల పాటు ఒకేలా ఉంటుంది. అది పడిపోయే వేళకు ప్రొలాక్టిన్ పెరుగుతుంది, ఒళ్ళు ఈనినట్టే నడుచుకుంటుంది. ఎందుకిలా అంటే శాస్త్రజ్ఞులు తోడేళ్ళ వైపు చూపిస్తారు. తోడేళ్ళ గుంపులో సాధారణంగా ఈనేది ఒక్కతే. మిగతా ఆడవి వేటలో, కాపలాలో, పిల్లల పెంపకంలో ఆ తల్లికి చేయందిస్తాయి. ఆ పినతల్లుల పాలూ పనికొచ్చేలా ఈ ఏర్పాటు జరిగి ఉంటుందని ఒక ఊహ. ఊహే, రుజువు కాదు. కానీ నాకది నచ్చింది. ప్రకృతి ప్రతి ఆడదాన్నీ తల్లిని చేసి తీరుతుందని మనం అనుకుంటాం. కుక్కల మూల వంశంలోనేమో సగం మంది పిన్నమ్మలే.

ఒక్కసారి ఈనితే ఆరోగ్యం బాగుంటుందన్న మాటకు కూడా ఆధారం లేదని ఆవిడ తేల్చేసింది. అసలు ప్రమాదం గర్భసంచి అలాగే ఉంచేస్తే వస్తుంది. వయసు మీదపడిన ఆడకుక్కలకి అందులో చీము పట్టి, గుర్తించేలోపే ప్రాణం మీదికి వస్తుంది. దాన్ని పయోమెట్రా అంటారు. తొలి ఎదకు ముందే స్పే, అంటే గర్భసంచి తీసేసే ఆపరేషన్, చేయిస్తే రొమ్ము గడ్డలు బాగా తగ్గుతాయని 1969 నాటి అమెరికన్ అధ్యయనం ఒకటి చెప్పింది, డాక్టర్లు నేటికీ దాన్నే చెబుతారు. తర్వాతివాళ్ళు ఆ సాక్ష్యం అంత గట్టిది కాదన్నారు. గర్భసంచిలో చీము సంగతిలో మాత్రం ఎవరికీ పేచీ లేదు. సంచే లేకపోతే చీముకు చోటేదీ?

అత్తయ్య పుట్టిల్లు మదనపల్లె పక్కన పల్లెటూరు. వాళ్ళింట్లో కుక్కను ఈనించాలని ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. అది తిరిగేది, ఎప్పుడో కడుపుతో వచ్చేది, ఒకరోజు కనబడకుండా పోయి గడ్డివామి కింద కుయ్‌కుయ్‌మని వినిపించేది. వాళ్ళమ్మ బాలింతకు చేసినట్టే దానికీ రాగి అంబలిలో బెల్లం వేసి, ఇంత నెయ్యి కూడా వేసి, సత్తుగిన్నెలో పెట్టేదట. ఈ భాగం అత్తయ్య ఎన్నిసార్లు చెప్పినా వినబుద్ధేస్తుంది. "మరి ఆ పిల్లలన్నీ ఏమయ్యాయి అత్తయ్యా?" అని నేనే ఒకసారి అడిగాను. కాసేపు ఆలోచించింది. రెండు ఎవరో తీసుకుపోయారు, ఒకటి బండి కింద పడింది, మిగిలినవి "ఏమో, పోయినాయి". ఆరు పుట్టాయా, ఏడు పుట్టాయా కూడా గుర్తులేదు. అంబలి గుర్తుంది.

ఆ పల్లెను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. అక్కడ కుక్క తన దారిన తను కన్నది, మనుషులు చేతనైనంత దయ చూపారు. నిర్ణయం అన్నదే లేదు కనుక దాని బరువూ ఎవరి మీదా పడలేదు. జున్ను బతుకు అలాంటిది కాదు. దాని మెడలో పట్టీ ఉంది, పట్టీకి తాడు ఉంది, తాడు నా చేతిలో ఉంది. అది మూత్రం పోయాలన్నా నేను లిఫ్టు బటన్ నొక్కాలి. ఎదలో ఉన్న రోజుల్లో డైపర్ కట్టి, గేటు దగ్గర చేరిన వీధికుక్కల్ని వాచ్‌మన్ చేత అదిలించి, అదేదో ప్రకృతి చేతిలో ఉన్న విషయమన్నట్టు మాట్లాడితే ఎలా? దాని చుట్టూ ఉన్న తలుపులన్నీ మేమే మూశాం. ఇప్పుడు ఒక్క తలుపు తెరుస్తామంటే, లోపలికి వచ్చేదానికల్లా మేమే పూచీ.

కగ్గదాసపురలో నా స్నేహితురాలు తన షిట్జును ఈనించింది. ఏదీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. క్రాసింగ్‌కు ముందు రక్తపరీక్షలు చేయించింది. కుక్క చూలు సుమారు అరవై మూడు రోజులు. ఆఖరి వారంలో ఎక్స్‌రే తీయిస్తే నాలుగు సన్నటి వెన్నెముకలు, ముత్యాల పేర్లలా కనబడ్డాయి. వాషింగ్ మెషిన్ వచ్చిన అట్టపెట్టెను ఒకవైపు కోసి, పాత కాటన్ చీరలు, పేపర్లు పరిచి పురిటి గది తయారుచేసింది. పూటపూటకీ థర్మామీటరు పెట్టింది. మామూలుగా 101, 102 ఉండే ఒంటి వేడి ఈనే ముందురోజు 99 కన్నా కిందికి దిగుతుంది. అది దిగిన సాయంత్రం నాకు ఫోన్ చేసింది. వెళ్ళాను.

మొదటి పిల్ల పొరతో సహా వచ్చింది. తల్లి దాన్ని వాసన చూసి, బెదిరి, వెనక్కి జరిగింది. పల్లె కుక్కయితే ఆ పొరను క్షణంలో చీల్చి, బొడ్డు కొరికి, పిల్లను నాకి నాకి ఊపిరి పోయించేది. షిట్జు చప్పిడి మూతి జాతి, పై పళ్ళకీ కింది పళ్ళకీ పొంతన కుదరదు. ముచ్చటైన ముఖం కోసం మనం తరతరాలుగా ఎంచి ఎంచి పెంచాం, ఆ ముచ్చట్లో దాని కత్తెర పోయింది. నా స్నేహితురాలే గోళ్ళతో పొర చీల్చింది, ముక్కు తుడిచింది, బొడ్డుకు దారం కట్టి కత్తిరించింది, తువ్వాలుతో రుద్దింది. రుద్దగా రుద్దగా బొమ్మలాంటి ఆ తడి ముద్ద నోరు తెరిచి కీచుమంది. కేకులకి మైదా తూచే త్రాసులో పెడితే 150 గ్రాములు. రెండోదీ అలాగే వచ్చింది. మూడోదాని దగ్గర నొప్పులు ఆగకుండా వస్తున్నాయి, పిల్ల రాదు. గంట దాటింది. ఆకుపచ్చటి ద్రవం కారడం మొదలైంది. డాక్టరుకు ఫోన్ చేస్తే ఒక్క మాటే చెప్పాడు: బయల్దేరండి.

అర్ధరాత్రి దాటాక పాత మద్రాసు రోడ్డు మీద కారు. ముందు సీట్లో తువ్వాలులో చుట్టిన తల్లి, వెనక నా ఒళ్ళో చెప్పుల డబ్బా, డబ్బాలో వేడినీళ్ళ సీసా, సీసాకు అతుక్కుని రెండు పిల్లలు. రాత్రి తెరిచి ఉండే ఆస్పత్రిలో సిజేరియన్ చేశారు. మూడోది అడ్డం తిరిగి అప్పటికే చచ్చిపోయింది. నాలుగోది బతికింది. మత్తు దిగి తేరుకునేదాకా తల్లికి పిల్లలంటే ఏమిటో తెలియలేదు, ఆ రెండు రోజులూ డ్రాపర్‌తో రెండేసి గంటలకోసారి పాలు పట్టింది నా స్నేహితురాలే. మూడో వారంలో తల్లి కాళ్ళు బిగుసుకుపోయి వణకడం మొదలుపెట్టింది. పాల రూపంలో కాల్షియం అంతా పిల్లలకి వెళ్ళిపోయి చిన్నజాతి తల్లులకి వచ్చే ప్రమాదం ఇది. మళ్ళీ పరుగు, మళ్ళీ సెలైన్. మావారు వేసిన లెక్కలో ఈ పద్దులు లేవు. ఆస్పత్రి బిల్లే రెండు పిల్లల ఖరీదు మింగేసింది.

మళ్ళీ చేయిస్తావా అని అడిగితే, చేయిస్తానంటుంది. ఇది కూడా చెప్పకపోతే అన్యాయం. రెండో వారంలో కళ్ళు తెరిచాక, నాలుగో వారంలో ఒకదాని చెవి ఒకటి పట్టుకుని దొర్లుతున్నప్పుడు ఆ ఇల్లు చూడాలి. ఏదో ఒక సాకు చెప్పుకుని నేనూ వెళ్ళేదాన్ని. నేల మీద పడుకుంటే మూడూ వచ్చి నా జడ లాగేవి. పాల వాసన, పిల్లల వాసన. మా అమ్మాయి అడుగుతున్నది అదేనని నాకు తెలుసు, తప్పేమీ లేదు అందులో.

తొమ్మిదో అంతస్తు పెద్దాయనకు నేను సందేహాలన్నీ చెప్పినప్పుడు ఆయన ఇచ్చిన జవాబు ఇప్పటికీ నన్ను వదల్లేదు. "మీలాంటివాళ్ళు వద్దంటే ఎట్లాగమ్మా? అప్పుడు పిల్లలన్నీ బోనుల్లో పుట్టినవే దొరుకుతాయి" అన్నారు.

ఈ వాదంలో బలం ఉంది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు అమెరికాలోని బార్ హార్బర్‌లో ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి 1965లో పుస్తకం వేశారు. మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు పిల్ల ఏం చూస్తుందో, ఎవరి చేతుల్లో ఉంటుందో, దాన్నిబట్టే తర్వాత మనుషులతో దాని నడవడి ఉంటుందన్నది వాళ్ళు తేల్చిన ముఖ్యమైన సంగతి. అంటే కుక్కర్ కూత, మిక్సీ మోత, డెలివరీ కుర్రాడి కాలింగ్ బెల్లు, పక్కింటి పసివాడి ఏడుపు, ఇవన్నీ వింటూ పెరిగిన పిల్ల, షెడ్డులో ఇనుప బోనులో పెరిగిన పిల్ల కన్నా ధైర్యంగా, నెమ్మదిగా ఉంటుంది. కుక్క పుట్టడానికి మంచి ఇల్లే మంచి చోటు. ఆలోచించేవాళ్ళందరూ ఆలోచించి మానుకుంటే, ఈ పని ఆలోచించనివాళ్ళ చేతుల్లోనే మిగులుతుంది. ఈ చిక్కుకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఒకటి మాత్రం తోచింది. మంచి ఇల్లు ఉండటం ఒక అర్హత, మంచి పుట్టిల్లు కాగలగడం మరొకటి.

పిల్లను ఇచ్చి పంపాక కూడా మన ఇళ్ళలో పుట్టిల్లు తలుపు తీసే ఉంటుంది. కనీసం ఉండాలి. అల్లుడు మంచివాడు కాకపోయినా, ఉద్యోగం పోయినా, ఒంట్లో బాగాలేకపోయినా వచ్చి నాలుగు రోజులు ఉండే చోటది. కుక్కల్ని ఈనించే పనిని ఇలా శ్రద్ధగా చేసే పెంపకందారులు కొద్దిమంది ఉన్నారు. వాళ్ళు ముందు ఇళ్ళు చూసుకుని తర్వాతే క్రాసింగ్ మాట ఎత్తుతారు, ఎప్పుడు ఏ కారణంతో వద్దనుకున్నా పిల్లను తమకే తిరిగి ఇవ్వాలని రాయించుకుంటారు. షిట్జు పది, పదిహేనేళ్ళు బతుకుతుంది. నాలుగు పిల్లలకు అన్నేళ్ళ పాటు పుట్టిల్లుగా ఉంటామని మేం మాటివ్వగలమా? మేమున్నది అద్దె ఫ్లాటు. పదకొండు నెలల అగ్రిమెంటు. మావారి కంపెనీ ఏ ఏడు పుణె అంటుందో, ఏ ఏడు నోయిడా అంటుందో తెలియదు.

కగ్గదాసపుర పిల్లల్లో ఒకటి బనశంకరిలో మగకుక్క వాళ్ళింట్లో బాగానే ఉంది. ఒకటి తల్లి దగ్గరే ఉండిపోయింది. మూడోదాన్ని తీసుకున్న ఆఫీసు కుర్రాడు మంచివాడే, ఏడాది తిరక్కుండా కెనడా వెళ్ళాల్సి వచ్చి హోసూరులో బంధువులకిచ్చాడు. హోసూరు తర్వాత దాని ఆచూకీ లేదు.

కొనుక్కున్న కుక్క ఇలా దిక్కులేనిదవడం ఈ ఊరికి కొత్త కాదు. 1991లో క్రిస్టల్ రోజర్స్ అనే ఇంగ్లీషు పెద్దావిడ స్థాపించిన క్యూపా ఇక్కడ దెబ్బతిన్న జంతువుల్ని చేరదీస్తుంది. అలాంటి సంస్థ వదిలేసిన జాతికుక్కల కోసమే 'సెకండ్ ఛాన్స్' పేరుతో విడిగా ఒక కేంద్రం పెట్టవలసి వచ్చింది. డబ్బుపోసి కొన్న కుక్కల కోసం! లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని కుక్కపిల్లను తెచ్చుకున్నవాళ్ళు ఆఫీసులు తెరిచాక ఏం చేశారో ఈ ఊళ్ళో చాలామందికి తెలుసు. అంతకుముందు 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో పిల్లవాడి వెనకే నడిచిన పగ్‌ను చూసి ఇంటింటా పగ్ కావాలన్నారు. ఊపిరి ఆడక గురకపెడుతుంటే దాన్నీ ముద్దే అనుకున్నారు. మా చిన్నప్పుడు తెల్ల పమేరియన్, మధ్యలో పగ్, తర్వాత ఈ ఉక్కలో పాపం హస్కీ, ఇప్పుడు షిట్జు. మోజు మారినప్పుడల్లా పాత మోజు రోడ్డున పడుతుంది. '777 చార్లీ' 2022లో వచ్చిన కన్నడ సినిమా, తెలుగులోనూ వచ్చింది. అడ్డదారిన కుక్కల్ని ఈనించేవాడి నుంచి తప్పించుకొచ్చిన ల్యాబ్రడార్ కథ. రక్తసంబంధంలోనే జతకట్టించడం వల్ల దానికి జబ్బు వస్తుంది. హాల్లో వెక్కివెక్కి ఏడ్చి, బయటికొచ్చి ల్యాబ్రడార్ పిల్ల ఎక్కడ దొరుకుతుందని అడిగినవాళ్ళని నేనెరుగుదును.

చట్టం సంగతి క్లుప్తంగా. 2017 మేలో కేంద్రం కుక్కల పెంపకం, అమ్మకాలపై నియమాలు తెచ్చింది. అమ్మడానికి కుక్కల్ని ఈనించేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి. ఆడకుక్కకు పద్దెనిమిది నెలలు నిండాలి, ఎనిమిదేళ్ళు దాటకూడదు, జన్మలో ఐదు ఈతలు మించకూడదు, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మావారికి ఇవి చదివి వినిపించాను. "మనం వ్యాపారం చేయడం లేదు కదా, రెండే కదా" అన్నారు. ఆ రెండింటికీ ధర అనుకున్నది ఆయనే.

నార్వేలో సుప్రీంకోర్టు 2023లో ఇంకో అడుగు ముందుకు వేసింది. కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్ అనే చిన్నజాతి కుక్కను అక్కడ పెంచుతున్న పద్ధతిలో పెంచడమే జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమంది. పుట్టే ప్రతి పిల్లా గుండె జబ్బు, పుర్రె లోపం మోసుకుని పుట్టే ప్రమాదం ఉన్నప్పుడు పుట్టించడమే హింస అన్నది దాని సారాంశం. షిట్జుల చరిత్ర కూడా నన్ను ఆలోచనలో పడేసింది. ఈ జాతి ఒక దశలో అంతరించబోయి, చైనా బయటికి చేరిన పద్నాలుగు కుక్కల నుంచి మళ్ళీ పెరిగిందంటారు. అంత ఇరుకైన వంశంలో ఏ దాయాది ఎవరికి ఏమవుతాడో పేపర్లే లేని మా జున్నుకి ఎవరు చెప్పగలరు? తొమ్మిదో అంతస్తు వరుడు దానికి అన్నయ్య కాడని నమ్మకమేమిటి?

వీధికుక్కల పేరు చెప్పి నన్ను సమర్థించిన స్నేహితులూ ఉన్నారు. 2023లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ లెక్కపెడితే నగరంలో 2.79 లక్షల వీధికుక్కలు తేలాయి. 2019లో అవి 3.1 లక్షలు. ఏళ్ళ తరబడి పట్టి, ఆపరేషన్లు చేసి, చెవికి గాటు పెట్టి వదిలితే తగ్గింది ఆ మాత్రం. ఇన్ని ఉండగా ఇంకా పుట్టించడమేమిటని వాళ్ళ వాదం. నాకిది పూర్తిగా ఒప్పుకోబుద్ధి కాదు. షిట్జు కోసం వచ్చినవాళ్ళు అది దొరక్కపోతే గేటు దగ్గరి ఎర్రకుక్కను ఇంటికి తీసుకెళ్ళరు. ఒకటి తగ్గిస్తే ఇంకోటి తగ్గే లెక్క కాదది. జున్ను విషయంలో నా వెనకడుగుకు కారణం అంత పెద్దది కాదు, ఆ నాలుగు పిల్లలే.

నన్నయ ఆదిపర్వం తొలి ఆశ్వాసంలోనే ఒక కుక్క తల్లి వస్తుంది. సరమ. జనమేజయుడు యాగం చేస్తున్న చోట ఆడుకుంటున్న ఆమె కొడుకును రాజు తమ్ముళ్ళు కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పరిగెత్తుతాడు. ఆమె నేరుగా రాజు దగ్గరికి వెళ్ళి, ఏ తప్పూ చేయని నా బిడ్డను నీ తమ్ముళ్ళు ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. చిన్నప్పుడు ఇది ధర్మం గురించిన కథ అని చెప్పారు, నిజమే. ఇప్పుడు నా కంటికి ఆనుతున్నది వేరే. సరమ కొడుకు తిరిగి రాగలిగాడు. జరిగింది చెప్పుకోవడానికి వాడికి తల్లి ఎక్కడుందో తెలుసు. హోసూరు పిల్లకి కగ్గదాసపుర దారి తెలియదు.

ఇదంతా అత్తయ్యకు ఇలాగే చెప్పలేదు. సరమ కథ చెప్పాను, అది ఆవిడకు నాకన్నా బాగా తెలుసు. పుట్టిల్లు సంగతి చెప్పాను. ఎంతసేపటికీ మాట్లాడకపోతే ఒప్పుకోలేదనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర, "పిల్లను ఇచ్చినాక పట్టించుకోలేనోళ్ళు కనకూడదులే" అని ఎవరితోనూ కాకుండా అంది. మా అమ్మాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కగ్గదాసపురలో ఈసారి ఈనితే ఆ నెల సెలవులకి తనను అక్కడే వదలాలన్న షరతు మీద రాజీకి వచ్చింది. తొమ్మిదో అంతస్తు పెద్దాయన నొచ్చుకున్నారు, లిఫ్టులో కలిస్తే ఇప్పుడు వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నాం. పనమ్మాయి మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టనిపించింది, ఓనరుకు ఏం చెప్పాలో వెతుక్కునే పని తప్పింది.

స్పే ఎప్పుడు చేయించాలని అడిగితే, ఎద ముగిసి రెండు మూడు నెలలు గడిచాక, రక్తం పోత తక్కువగా ఉండే సమయం చూసి రమ్మంది డాక్టరమ్మ. క్యాలెండర్ తీస్తే అది కార్తీకంలో పడింది. అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "కార్తీకంలో ఎవరైనా కత్తి పెట్టిస్తారా? మార్గశిరం రానీ." వైద్యానికి ఆ నెల తేడా ఏమీ లేదట, ఫోన్ చేసి కనుక్కున్నాను. మార్గశిరానికే రాయించాను.